పక్షులన్నీ నీ వంకే చూస్తున్నాయి

లాంచీరేవు, పైగది

వదినా,

క్షేమంగా చేరాను. లాంచీలో నా పక్కన కోళ్ళగంప, ఒళ్ళో కెమెరా పెట్టె. దిగేసరికి రెండింటి వాసనా ఒకటే అయింది.

గది రేవు ఆఫీసు మీద ఉంది. చెక్క మెట్లు, చెక్క నేల, ఒక మంచం, ఒక బల్ల. కిటికీ తీస్తే కనుచూపు మేరా రెల్లు, మధ్యమధ్య నీళ్ళు. నీకు చెప్పానుగా, ఎడిటర్ గారి నీటిపక్షుల పుస్తకంలో ఒక్క పేజీ తప్ప అన్నీ నిండాయి. ఆ పేజీ బూరకొంగది. ఇక్కడివాళ్ళు దాన్ని అలాగే పిలుస్తారు. ఖాళీ కుండలోకి ఊదినట్టు అరుస్తుందట. ఒళ్ళంతా ఎండురెల్లు రంగు. అలికిడైతే ముక్కు ఆకాశానికెత్తి నిలబడిపోతుంది. గాలికి రెల్లు ఊగితే తనూ ఊగుతుంది. ఎదురుగా ఉన్నా కనపడదు. అలాంటిది, పిల్లల్ని వెంటేసుకున్న తల్లి కావాలంటున్నారు ఆయన. తెస్తే అట్ట మీద నా పేరు కూడా వేస్తారట. తేలేకపోతే ఏం చేస్తారో అనబోయి ఆగారు. ఆగిన తీరులోనే అర్థమైంది.

పడవాయన మంచివాడు. తెడ్డు వేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు, అదీ నాకు వీపు పెట్టి. నేను ఊఁ కొడుతుంటాను. రెల్లు మధ్య తడికలతో మాటు కట్టించాను. లోపల ఒక స్టూలు, కెమెరా స్టాండు, నేను. నాలుగోదానికి చోటు లేదు.

ఫోన్ చేయొద్దు. కింద ఆఫీసులో ఉన్నది పాడైంది, బాగుచేసే నాథుడు లేడు. వారానికోసారి వచ్చే లాంచీయే మనకి దిక్కు. బాతుల మీదా నారాయణపక్షుల మీదా చెయ్యి సరిచూసుకుని రెండు రీళ్ళు పంపుతున్నాను. నువ్వే కడుగు. అన్నయ్యకి ఇవ్వకు. పెళ్ళికూతుళ్ళ ఫొటోలు తీసే అలవాటులో పక్షులకి కూడా బుగ్గలు దిద్దుతాడు.

నీ
కందిరీగ

~

స్టూడియో, చీకటిగది

కందిరీగా,

రీళ్ళు అందాయి. మాకిక్కడ మామూలే. నిన్న ఒకాయన వచ్చి, పాస్‌పోర్టు ఫొటోలో బట్టతల కనపడకూడదన్నాడు. "కనుబొమ్మల దగ్గర కత్తిరించమంటారా?" అన్నాడు మీ అన్నయ్య, నవ్వకుండా. బేరం పోయింది.

అత్తయ్య బాగానే ఉంది. "టీ తాగుతారా?" అని అడగడానికి వంటింట్లోంచి వసారా దాకా అరవాలి. నా గొంతు బొంగురుపోయింది గానీ ఆవిడ తల తిప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా సంసారం.

ఇక నీ ఫొటోలు. వెలుతురు బాగుంది, ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కానీ ఒక మాట అడగనా? పక్షులన్నీ నీ వంకే చూస్తున్నాయెందుకు? ప్రతి బొమ్మలోనూ మెడ సాచి, బెదురు కళ్ళతో, ఎగరబోతున్నట్టు. నీ పాత ఫొటోల్లో ఇలా ఉండేది కాదు. అవి తినేవి, తన్నుకునేవి, కునికేవి. నువ్వక్కడ ఉన్నట్టే వాటికి తెలిసేది కాదు. ఇప్పుడు మాత్రం మన స్టూడియోలో బల్ల మీద కూర్చోబెట్టి "ఇటు చూడండి" అన్నట్టున్నాయి.

లెన్స్ మార్చావా?

వదిన

~

లాంచీరేవు, పైగది

వదినా,

లెన్స్ మార్చలేదు. ఇక్కడ గాలి ఎక్కువ, తడికలు ఊగుతాయి, అందుకని బెదురుతున్నాయి. చీకటిగదిలో కూర్చుని చెప్పడం తేలిక. ఇక్కడికొచ్చి మోకాళ్ళలోతు బురదలో నిలబడితే తెలుస్తుంది.

ఆ శంఖం సామెత అమ్మ దగ్గర వాడకు. వినపడకపోతే మాత్రం, తెలియదనుకున్నావా?

బూరకొంగ జాడ లేదు. తూర్పు పాయలో అరుస్తోందని పడవాయన అన్నాడట, నేను పడమటి పాయలో కూర్చున్నాను. ఎక్కడో మాట తేడా వచ్చింది. రోజంతా వృథా. ఇంకో రీలు పంపుతున్నాను. చూసి నీకేమనిపించినా నాకు రాయొద్దు, కడిగి పెట్టు చాలు.

ఫోన్ ఇంకా బాగవలేదు.

~

స్టూడియో, చీకటిగది

కందిరీగా,

పేరు కూడా పెట్టకుండా ఉత్తరం ముగించావు. కోపం వస్తే వచ్చింది, ఇది మాత్రం చదువు.

నీకు పంపిన ఫిల్ము పెట్టె అక్కడికి చేరిందో లేదో కనుక్కుందామని మీ అన్నయ్య రేవు ఆఫీసుకి ఊరికే ఫోన్ తిప్పి చూశాడు. మొదటి గంటకే గుమాస్తా ఎత్తాడు. "ఫోన్ పాడైందా? ఎవరన్నారండీ? పొద్దున్నుంచీ దీనితోనే చస్తున్నాను" అన్నాడట. మీ అన్నయ్య నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

ఆ సాయంత్రం నీ మూడో రీలు ప్రింట్లు హాల్లో బల్ల మీద ఆరబెట్టాను. అత్తయ్య వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"దీనికి వినపడటం లేదే," అంది.

"ఎవరికత్తయ్యా?" అని అరిచాను.

"అరవకు, నీ పెదాలు కనపడుతూనే ఉన్నాయి. నా కూతురికి. చూడు, ప్రతి పక్షీ దాని వంకే చూస్తోంది. నేను గిన్నె దించితే మీరంతా ఉలిక్కిపడి నా వంక చూస్తారే, అదే చూపు ఇది. అంత చప్పుడు చేశానని నాకెప్పుడు తెలుస్తుందనుకున్నావు? మీ మొహాలు చూశాకే."

ప్రింట్లన్నీ మళ్ళీ నేనూ ఒక్కొక్కటీ తీసి చూశాను. పోయిన చలికాలం నుంచీ జరిగినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. నువ్వు రేడియో దగ్గరికి కుర్చీ లాక్కోవడం, నేను వెనకనుంచి పిలిస్తే విసురుగా వెళ్ళిపోయావని అలగడం, "నీ నవ్వేంటి, ఆలస్యంగా వస్తుంది?" అని మీ అన్నయ్య ఏడిపించడం. మాకే కళ్ళు లేవు.

ఆ సామెత అన్నందుకు నా నోటిని తిట్టుకుంటున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఒక్కదానివే ఓర్చుకున్నావు. ఇంక చాలు. నిజమా కాదా, రాయి.

నీ వదిన

~

లాంచీరేవు, పైగది

వదినా,

నిజమే.

మొదట ఎడమ చెవి. జలుబు అనుకున్నాను. తర్వాత కుడిది కూడా బరువెక్కింది. దూదిపెట్టెలో కూర్చున్నట్టు ఉంటుంది లోకం. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటాను. ఫోన్‌లో పెదాలు ఉండవుగా, అందుకే అబద్ధమాడాను. ఇక్కడికొస్తే పక్షులే కదా, వాటితో మాట్లాడక్కర్లేదు కదా అనుకున్నాను. ఎంత తెలివితక్కువతనమో చూడు. అడవిలో సగం పని చెవులదే. కెమెరా చప్పుడు, చెక్క కిర్రుమనడం, నా చొక్కా గరగర, నా దగ్గు, ఇవన్నీ నేను వినకపోతే అవి ఆగిపోయాయని అనుకున్నాను.

మొన్న మాటు బయట నిలబడి స్టాండు సర్దుతున్నాను. ఎదురుగా నీళ్ళ మీద బాతుల గుంపు. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే తల తిప్పాయి. నా వంక కాదు, నా వెనక్కి. తిరిగి చూద్దును కదా, అడవిపంది, దూడంత ఉంది. దాని వెనక దూరంగా పడవలో పడవాయన తెడ్డుతో పడవని బాదుతూ అరుస్తున్నాడు. ఆయన నోరు తెరుచుకోవడం కనపడింది, అంతే. పక్కకి దొర్లాను. అది నా స్టాండుని తన్నుకుంటూ రెల్లులోకి పోయింది. దెబ్బ తగల్లేదు. కానీ బురదలో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తున్నప్పుడు ఎంత గట్టిగా ఏడుస్తున్నానో కూడా తెలియలేదు.

సంచి సర్దేశాను. ఈ లాంచీలో ఉత్తరం వస్తుంది, పై లాంచీలో నేనొస్తాను. ఎడిటర్ గారికి జ్వరమనో మరేదో చెప్పు. అసలు సంగతి మాత్రం చెప్పకు. "చెవిటి ఫొటోగ్రాఫర్" అని ఒకసారి పేరు పడితే నన్నింక ఎవరు పంపుతారు? అమ్మలా వసారాలో గోడ చూస్తూ కూర్చోవాలి. దానికే భయం నాకు. అమ్మకి ఈ ముక్క చూపించకు.

కందిరీగ

~

స్టూడియో, చీకటిగది

కందిరీగా,

చూపించాను. చూపించకు అన్నావుగా, అందుకే చూపించాను. తిట్టుకో.

ఆవిడ చదివి ఉత్తరం మడిచి, "కాగితం తీసుకో, చెబుతాను రాయి" అంది. ఇక్కడినుంచి మాటలు ఆవిడవి.

"చిన్నమ్మా, సంచి విప్పు. నేను వసారాలో కూర్చున్నందుకు చెవులు కారణమని మీరందరూ అనుకున్నారు. చెవులు కాదే, సిగ్గు. ఏమన్నారని రెండోసారి అడగడానికి సిగ్గు. ఎవరైనా నవ్వితే నా గురించేనేమోనని సిగ్గు. అలా ఒక్కో గుమ్మమే ఎక్కడం మానేశాను. నువ్వు ఇప్పుడు సంచి సర్దుకుని వస్తే నాలాగే అవుతావు. అక్కడే ఉంటే అవవు.

"చప్పుడు సంగతి నేను చెబుతాను విను. గిన్నె దించేటప్పుడు ముందు నా వేలు గట్టుకి ఆనిస్తాను. గిన్నె వేలి మీదికి దిగుతుంది. తర్వాత వేలు తీస్తాను. తలుపు వేసేటప్పుడు గుమ్మానికి అరచెయ్యి అడ్డం పెడతాను. ఇంట్లో వట్టికాళ్ళతోనే నడుస్తాను. నేల కిర్రుమంటే చెవికంటే ముందు పాదానికే తెలుస్తుంది. ఇవి తప్పినప్పుడే మీరు ఉలిక్కిపడేది. నీకు నీ వస్తువులేవో నాకు తెలియదు, నువ్వే చూసుకో. నీ చేతులు నా చేతులే కదా."

ఇంతవరకూ అత్తయ్య. ఇక నేను. మీ నాన్నగారి పాత ఉన్ని కోటు విప్పి, కెమెరాకి దళసరి తొడుగు కుట్టాను. లెన్స్‌కి ఒక కన్నం, నీ వేలికి ఒక కన్నం. మీటకి రెండు వైపులా దూది కూరాను. ఇక్కడ మన పెద్ద కెమెరాకి తొడిగి చూస్తే, పక్కనే నిలబడ్డ మీ అన్నయ్య "తీశావా ఇంకా లేదా?" అన్నాడు. ఎడిటర్ గారికి జ్వరం అని చెప్పను. అబద్ధాలకి నా దగ్గర చోటు అయిపోయింది. సీజన్ ముగిసేదాకా టైముందని ఆయనే అన్నారు.

ఒక షరతు. వచ్చాక చెవి డాక్టరు దగ్గరికి వస్తావు. అత్తయ్యని ఎన్నేళ్ళుగా బతిమాలుతున్నామో నీకు తెలుసు. "ముసలిదానికి చెవి యంత్రమెందుకు?" అనే మనిషి ఈసారి ఏమందో తెలుసా? "అది వస్తే నేనూ వస్తాను."

నీ వదిన

~

లాంచీరేవు, పైగది

వదినా,

సంచి విప్పాను.

మొదట పడవాయనకి చెప్పాను. చెప్పడానికి పొద్దున్నంతా పట్టింది. "నాకు సరిగా వినపడదండీ" అన్నాను. ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, "ఆ సంగతి మొదటిరోజే తెలుసమ్మా. మా ఆవిడ మీద జోకు చెబితే మీరు 'అయ్యో పాపం' అన్నారు" అన్నాడు. మరెందుకు చెప్పలేదంటే, "మీరు దాచుకుంటున్నారు, నేను తవ్వడమెందుకని" అన్నాడు. ఇప్పుడు నా వైపు తిరిగి కూర్చుని పడవ నడుపుతున్నాడు. రెండుసార్లు మొద్దుకి గుద్దాం, పరవాలేదు. కొంగ ఎటు అరిస్తే అటు తెడ్డు ఎత్తి చూపిస్తాడు.

చెప్పులు విప్పేశాను. మాటులో ఏ చెక్క కిర్రుమంటుందో పాదంతో వెతికి, వాటి కింద గడ్డి కూరాను. స్టాండు కాలు దించేముందు వేలు ఆనిస్తున్నాను. చొక్కా మార్చి మెత్తటి పాతది వేసుకున్నాను. ఇక తొడుగు! మీట నొక్కితే నా వేలికి చిన్న చక్కిలిగింత, అంతే. అయినా ఏం చప్పుడవుతోందో నాకెలా తెలుస్తుంది? బాతుల్ని చూస్తూ కూర్చున్నాను. ఒక్కోసారి నొక్కి వాటి మెడలు చూడటం. మెడ లేస్తే నాది తప్పు, ఏది కదిలిందో వెతుక్కోవాలి. ఇలా ఎన్ని రోజులు పోయాయో. చివరికి ఒక బాతు నా ఎదురుగా తల రెక్కలో దూర్చి నిద్రపోయింది. దానికి దండం పెట్టాలనిపించింది.

నిన్న పొద్దున, మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. గాలి ఎడమనుంచి వీస్తుంటే రెల్లంతా కుడికి వంగుతోంది. ఒక్కచోట మాత్రం రెల్లు ఎడమకి కదిలింది. కళ్ళు అక్కడే పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రెల్లులోంచి ఒక రెల్లు విడివడి నడిచినట్టు, తల్లి బయటికొచ్చింది. ఒక కాలు నీళ్ళలో, ఒక కాలు గాల్లో. వెనకే పిల్లలు, తల మీద నూగంతా నిక్కబొడుచుకుని, అప్పుడే నిద్ర లేపి బడికి తోలినట్టు చిరాగ్గా. ఒకటి బురదలో చతికిలబడింది. తల్లి ఆగి, వెనక్కి వంగి దాన్ని చూసింది.

అప్పుడు నొక్కాను. నొక్కి, ఊపిరి బిగబట్టి ఆవిడ మెడ చూశాను. తిప్పలేదు. మళ్ళీ నొక్కాను. తిప్పలేదు. పిల్ల లేచి ఒళ్ళు దులుపుకుంది. అందరూ నిదానంగా పాయ దాటి అవతలి రెల్లులోకి వెళ్ళిపోయారు, నేనక్కడ లేనట్టే.

రీలు ఈ లాంచీలో పంపుతున్నాను. చేత్తో ఇచ్చి, "తడవనివ్వకండి" అని లాంచీవాడికి మూడుసార్లు చెప్పాను. అతనేదో అన్నాడు. వినపడలేదు. "ఏమన్నారు?" అని అడిగాను. "నాకు చెవుడు లేదమ్మా" అన్నాడట. నాకుంది బాబూ అన్నాను.

నీ కందిరీగ

~

స్టూడియో, చీకటిగది

కందిరీగా,

ఇరవయ్యేళ్ళుగా ఫిల్ము కడుగుతున్నాను, ఎప్పుడూ రీలు జారవిడవలేదు. ఈసారి చీకట్లో రీలు చుట్టేటప్పుడు రెండుసార్లు జారింది. మీ అన్నయ్య తలుపు అవతల నిలబడి "అయిందా, అయిందా" అని నా ప్రాణం తీశాడు. ప్రింటు మందులో వేసి ఎర్రదీపం కింద చూస్తున్నాను. ముందు రెల్లు వచ్చింది. రెల్లు తప్ప ఏమీ లేదనుకున్నాను. తర్వాత ఆ గీతల మధ్య ఒక కన్ను తేలింది. తర్వాత మెడ, వంగిన మెడ. తర్వాత బురదలో చతికిలబడ్డ ఆ పిల్ల. నేను కేక పెట్టాను. ఆయన తలుపు తీయబోతే, "తీస్తే చంపేస్తా" అని ఇంకో కేక.

అత్తయ్య ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సాయంత్రం దాకా ఒళ్ళోనే పెట్టుకుంది. మధ్యలో ఎవరో వచ్చి ఫొటోలు అడిగితే, బయటికొచ్చి "ముందు ఇది చూడండి" అని వాళ్ళకి చూపించింది! కొత్తవాళ్ళతో ఆవిడ తనంతట తాను మాట్లాడగా నేను చూడటం ఇదే మొదలు.

ఎడిటర్ గారు వచ్చి చూశారు. "మనిషి అక్కడున్నట్టే దానికి తెలియదే! ఎలా తీసిందండీ?" అన్నారు. "వచ్చాక ఆవిడే చెబుతుంది" అన్నాను. చెప్పడమా మానడమా, అది నీ ఇష్టం. తొందరగా రా. చెవి డాక్టరు దగ్గర ఇద్దరి పేర్లూ రాయించాను.

నీ వదిన

~

స్టూడియో, చీకటిగది

కందిరీగా,

కొత్త సీజన్ అని నువ్వు మళ్ళీ రేవుకి వెళ్ళి నెల కాలేదు, ఇల్లు బోసిపోయింది. నీ చెవి యంత్రం తేమకి పాడవకుండా చూసుకో. డాక్టరు మాట గుర్తుందిగా, లోపలి చిన్న ఎముక బిగుసుకుపోవడం మీ ఇంట్లో నడిచే జబ్బు, యంత్రంతో హాయిగా నెట్టుకురావచ్చు, కానీ ఏటా చూపించుకోవాలి. ఎడిటర్ గారు నిన్న వచ్చారు. నువ్వు నీ నోటితో సంగతి చెప్పిన రోజునుంచీ ఆయనకి నీ మీద గౌరవం పెరిగిందో, భయం పెరిగిందో తెలియదు. ఇంకో పుస్తకం మాట ఎత్తారు. ఈసారి నీటిపిల్లులట.

అత్తయ్య సంగతి చెప్పాలి. యంత్రం పెట్టుకున్న దగ్గర్నుంచీ మాకు మనశ్శాంతి లేదు. ఇన్నేళ్ళూ మీ అన్నయ్య "సరేనమ్మా" అని అటు తిరిగి గొణిగే రెండో మాట ఆవిడ చెవిన పడింది. ఆవిడ అలిగితే రెండు రోజులు ఆయనకి అన్నం నేనే పెట్టాను. కుళాయి కారుతోందని, గడియారం కుంటుతోందని, నేను పాడితే శ్రుతి తప్పుతోందని! పోయినవారం తనంతట తానే వీధి చివరి ఇంటికి వెళ్ళి గంట కూర్చుని వచ్చింది.

నిన్న పొద్దున సంచి సర్దుకుని హాల్లో నిలబడింది. "ఎక్కడికత్తయ్యా?" అన్నాను. "ఆ కొంగ అరుపు వినాలి" అంది. నేను తోడొస్తానంటే వద్దంది. ఈ ఉత్తరం చేతికిచ్చి రేపటి లాంచీకి ఎక్కిస్తున్నాను. మాటులో ఇంకో స్టూలు వేయించు.

నీ వదిన

~

లాంచీరేవు, పైగది

వదినా,

అమ్మ చేరింది. లాంచీలో పక్కనున్నవాళ్ళందరి సంసారాలూ తెలుసుకుని మరీ దిగింది. పడవాయనకీ ఆవిడకీ ఒక్క పూటలో కుదిరింది. ఆయన వాళ్ళావిడ మీద జోకు చెప్పాడు. అమ్మ సరైన చోట నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మాటుకి తీసుకెళ్ళాను. తడికలు వెడల్పు చేయించాను గానీ, ఇద్దరం భుజాలు రాసుకుంటూనే కూర్చున్నాం. చెప్పులు తనే విప్పి పక్కన పెట్టింది. మంచు, రెల్లు, ఎక్కడో నీటికోడి. నాకు తెలియని చప్పుళ్ళు ఇంకా చాలా ఉన్నాయి వదినా, రోజుకొకటి దొరుకుతోంది. అమ్మ చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఎదురు చూస్తున్నాం.

అప్పుడు అరిచింది. మగ కొంగ, దగ్గర్లోనే. చెవిలో కాదు, పొట్టలో మోగినట్టయింది. ఊఁ... అని ఒకటి, ఆగి ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. నా కళ్ళు నిండాయి. అమ్మ వైపు తిరిగాను. తల వాల్చి, కళ్ళు మూసుకుని, బడిపిల్ల పాఠం వింటున్నట్టు శ్రద్ధగా వింటోంది. అరుపు ఆగాక కళ్ళు తెరిచింది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"దీనికోసమా ఇంత గొడవ? మీ నాన్న గురక దీనికంటే శ్రావ్యంగా ఉండేది."

నవ్వు ఆపుకోలేకపోయాను. నన్ను చూసి ఆవిడా. ఆవిడ కొంగూ నేను చెయ్యీ నోటికి అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది. స్టూలు కిర్రుమంది, తడిక ఊగింది, రెల్లులోంచి కొంగ లేచిపోయింది, దాని వెనకే బాతులూ కొక్కిరాయిలూ, పాయ పాయంతా ఖాళీ. అవి ఎగురుతున్న రెక్కల చప్పుడు ఇద్దరం విన్నాం. "అబ్బ, వాన పడుతున్నట్టుంది" అంది అమ్మ, ఆకాశం వంక చూస్తూ.

ఆ రోజు ఒక్క ఫొటో లేదు. నిన్నా లేదు. ఈ లాంచీలో నీకు కడగడానికేమీ పంపడం లేదు, పై లాంచీలో కూడా నమ్మకం లేదు. అమ్మ ఇంకో నెల ఉంటానంటోంది.

నీ
కందిరీగ